మా పిల్లలకు తర్కం రాదట!

రెండేళ్ల కిందట ఎండాకాలం సెలవుల్లో ఇంగ్లీషు టీచర్లకు మూడు రోజుల శిక్షణ పెట్టారు. ఆశ్రమ పాఠశాలల్లో ఇంగ్లీషు చెప్పేవాళ్లం ఓ నలభై మందిమి పోయాం. మొదటి రోజు పొద్దున్నే, టీ కూడా రాకముందే, పట్నం నుంచి వచ్చినాయన మైకు అందుకుని చెప్పిన మాట ఇది: ఏజెన్సీ పిల్లల్లో మూడు లోపాలున్నాయి. లాజికల్ రీజనింగ్ లేదు, పంక్చుయేషన్ తెలీదు, కమ్యూనికేషన్ స్కిల్స్ సున్నా. నలభై మందిమీ తలలు వంచి నోటు పుస్తకాల్లో రాసుకున్నాం. నేనూ రాసుకున్నాను. నేను కోయవాణ్ణి. ఆ పిల్లల్లో ఒకడిగా పెరిగినవాణ్ణి, ఆశ్రమ బడి నీళ్లచారు తాగి పదో తరగతి దాటినవాణ్ణి. అయినా రాసుకున్నాను. అట్లా రాసుకున్నందుకే ఈ వ్యాసం.

రాత్రి గదిలో పడుకుని ఆ మూడు మాటలు మళ్లీ చదివితే కడుపు మండింది. లేదు, తెలీదు, సున్నా. ఎవరికి లేదు? ఏ భాషలో వెతికి లేదన్నారు?

తర్కం సంగతే ముందు చూద్దాం. శిక్షణలో మాకిచ్చిన పుస్తకంలో రక్తసంబంధాల లెక్కలున్నాయి. ఒకాయన ఫోటోలో ఉన్న ఆమెను చూపించి, ఈమె మా తాతకు ఉన్న ఒక్కగానొక్క కొడుకు కూతురు అంటాడు. ఆమె అతనికి ఏమవుతుంది? ఇట్లాంటివి ఇరవై. పోటీ పరీక్షలన్నిటిలో వస్తాయి గనుక పిల్లలకు ఇప్పటి నుంచే అలవాటు చేయాలన్నారు. బడి తెరిచాక తొమ్మిదో తరగతిలో ఇచ్చాను. ఒక లెక్కలో అంకుల్ అన్న మాట వచ్చింది. ఒక పిల్లవాడు లేచాడు.

“సార్, అంకులంటే మామనా, చిన్నాయననా?”

“ఏదైనా ఒకటేరా, రాయి.”

“ఒకటెట్లయితది సార్? మామ బిడ్డ నాకు వరసయితది. చిన్నాయన బిడ్డ చెల్లె అయితది. రెండూ ఒకటే అంటే మా ఇంట్ల కొడతరు.”

తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. తరువాత నవ్వు ఆగిపోయింది. వాడు అడిగింది తప్పు ప్రశ్న కాదు. ఆ లెక్క కజిన్ అన్న మాట దగ్గర ఆగిపోతుంది, మావాడి లెక్క అక్కడి నుంచి మొదలవుతుంది. కోయల్లో గట్లుంటాయి. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఇట్లా. ఇంటిపేరు చెబితే గట్టు తెలుస్తుంది. గట్టు తెలిస్తే ఎదుట ఉన్నవాడు అన్నవుతాడో బావవుతాడో తెలుస్తుంది. ఒకే గట్టువాళ్లు అన్నదమ్ములు, వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. జాతరలో ఎన్నడూ చూడని మనిషి ఎదురైతే మా పదేళ్ల పిల్ల ఇంటిపేరు అడిగి, ఎక్కడా కాగితం పెట్టకుండా, రెండు క్షణాల్లో వరస పెట్టి పిలుస్తుంది. ఇది తర్కం కాకపోతే మరేది తర్కం? అదే పిల్ల ఇంగ్లీషు పీరియడ్‌లో ఆ ఇరవై లెక్కలకు ఆరు మార్కులు తెచ్చుకుంటుంది, మనం రిజిస్టర్‌లో ‘రీజనింగ్: పూర్’ అని రాస్తాం.

తునికాకు కాలంలో కల్లం దగ్గరికి పోయి చూడండి. కట్టకు యాభై ఆకులు, వెయ్యి కట్టలకు ఒక బస్తా. కల్లేదారు పైన ఎన్ని కట్టలు ఎగ్గొట్టాడో, ఆ లెక్కన ఇంటికి ఎంత నష్టమో ఏడో తరగతి పిల్లలు నోటితో చెబుతారు. మా ఊళ్లో పంచాయితీ కూర్చుంటే పెద్దమనిషి సాక్షిని అడిగే మొదటి ప్రశ్న “చూసినవా, విన్నవా?” విన్నానంటే ఆ మాటకు ఒక విలువ, చూశానంటే ఇంకో విలువ. చూసింది వేరు, విన్నది వేరు, అనుకున్నది వేరు అని మాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. చింతచెట్టు కింద తెల్లవార్లూ కూర్చున్న తాతల దగ్గర విన్నాం.

కాబట్టి లోపం పిల్లల్లో ఉందని ఇకముందు ఎవరు అన్నా నేను రాసుకోను.

అయితే, ఇక్కడితో ఆపితే నేనూ మోసం చేసినవాణ్ణే అవుతాను. మనవాళ్లు కొందరు ఇక్కడే ఆగిపోతారు. మాకు అడవి జ్ఞానం ఉంది, మా భాషలో అన్నీ ఉన్నాయి, మీ ఇంగ్లీషు మాకెందుకు అని సభల్లో చప్పట్లు కొట్టించుకుంటారు. నాకు ఆ చప్పట్లు వద్దు. ఎందుకు వద్దో చెప్పాలంటే మా మేనమామ ఉత్తరం సంగతి చెప్పాలి. పద్నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పనిది.

అప్పటికి ఖమ్మం జిల్లా ఒకటే. గోదావరికి ఇవతల, అడవి అంచున మా గూడెం. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక అందరిలాగే మా మామ కూడా పోడు భూమికి దరఖాస్తు పెట్టుకున్నాడు. మూడెకరాల చిల్లర. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, మామ ఒక కవరు తెచ్చాడు. ఒక కార్యాలయం నుంచి వచ్చింది, లోపల ఇంగ్లీషు కాగితం. తెలుగులో ఎందుకు రాయలేదని అడిగే ధైర్యం ఆ రోజుల్లో ఎవరికీ లేదు. మా బడిలో ఇంగ్లీషులో నేనే ఫస్టు. గూడెంలో పదిహేను మంది చుట్టూ కూర్చున్నారు. నేను లేచి నిలబడి, చేతులు కట్టుకుని, పద్యం అప్పజెప్పినట్టు గడగడా చదివాను. ఒక్క మాట తడబడలేదు. మా అమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మామ అడిగాడు, “ఏమన్నడు అల్లుడా?” నేను చెప్పాను, “రిజెక్ట్ చేసిండ్రు మామా. కొట్టేసిండ్రు.”

మామ కాగితం మడిచి కవర్లో పెట్టుకుని పోయాడు. ఇంకే మాటా అనలేదు.

డిగ్రీ రెండో ఏట ఇంటికి పోయినప్పుడు, వాసాల్లో దోపిన కాగితాల కట్టలో ఆ కవరు కనిపించింది. తీసి చదివాను. ఈసారి లేచి నిలబడలేదు, కూర్చునే చదివాను. మీ దరఖాస్తు తిరస్కరించబడుతుంది అన్న చోట వాక్యం ముగియలేదు. అక్కడ ఫుల్‌స్టాప్ లేదు. కామా ఉంది. కామా తరువాత ‘అన్‌లెస్’ అని ఉంది. నిబంధనల్లో చెప్పిన సాక్ష్యాల్లో మరొకటి అరవై రోజుల్లోగా చూపితే తప్ప, అని ఉంది.

చూపగలిగిన సాక్ష్యం మామ దగ్గర లేదా? ఉంది. ఆ చట్టం కింద చేసిన 2008 నిబంధనల్లో పదమూడోది చదవండి. పెద్దల వాంగ్మూలం రాసిచ్చినా సాక్ష్యమే, గట్లూ చెరువులూ సాక్ష్యమే, పాత బావులూ సమాధులూ దేవర గుళ్లూ సాక్ష్యమే. ఒకటి చాలదు, ఒకటి కన్నా ఎక్కువ ఉండాలి. మామ పెద్దల వాంగ్మూలం ఒకటే పెట్టాడు. చేని మూలన మా తాతను పాతిన చోట నిలబెట్టిన రాయి ఉంది. ఎవరో ఒకరు పోయి ఆ రాయి చూపిస్తే సరిపోయేది. అరవై రోజులు రాయి అక్కడే ఉంది. మేమంతా ఇక్కడే ఉన్నాం. కొట్టేశారనుకుని ఊరుకున్నాం. కొన్నేళ్లకు ఆ చేని చుట్టూ కందకం తవ్వి మొక్కలు నాటారు. మామ ఇప్పుడు మిరపకోతలకు కూలికి పోతాడు.

తప్పు నాది అని చాలాకాలం అనుకున్నాను. టీచరునయ్యాక, వందల మంది పిల్లలు ఇంగ్లీషు చదవడం విన్నాక, అందులో నాది కానిది కూడా ఉందని తెలిసింది. మన భాషల్లో, కోయలో గానీ తెలుగులో గానీ, క్రియ చివర వస్తుంది. ఎంత పొడుగు వాక్యమైనా క్రియ దగ్గర ముగుస్తుంది. ‘సాక్ష్యం చూపితే తప్ప’ అన్నది ముందు వస్తుంది, ‘కొట్టేస్తాం’ అన్నది చివర వస్తుంది. అందుకే మన చెవి క్రియ కోసం కాచుకుని ఉంటుంది. క్రియ వినబడగానే మాట అయిపోయిందనుకుని చెవి మూసుకుంటుంది. మనకు ఫుల్‌స్టాప్ అవసరం పెద్దగా లేదు, క్రియే ఫుల్‌స్టాప్. ప్రశ్నకు గుర్తు కూడా అక్కర్లేదు, ‘వస్తావు’కు దీర్ఘం ఇస్తే ‘వస్తావా’. కానీ ఇంగ్లీషులో క్రియ నడిమధ్యలో వస్తుంది. అసలు షరతు దాని వెనక, కామా చాటున, దాక్కుని ఉంటుంది. ఈ ఒక్క సంగతి నాకు తొమ్మిదో తరగతిలో ఎవరైనా చెప్పి ఉంటే! “క్రియ వచ్చిందని ఆగకు, చుక్క వచ్చేదాకా పో” అన్న ముక్క చాలు. పంక్చుయేషన్ పాఠం అంటే ఇది. నాకు చెప్పిన పాఠం ఏమిటి? మామిడిపండ్లు, అరటిపండ్లు, ద్రాక్షపండ్ల మధ్య కామాలు పెట్టు. పెట్టాను. పదికి పది వచ్చాయి.

నాకు చెప్పిన మాస్టారు చెడ్డవాడు కాదు. మంచివాడు, కష్టపడేవాడు. కానీ మైదానం నుంచి వచ్చినవాడు, మా నాలుక మీద ఏముందో ఆయనకు తెలియదు. మా కోయలో మగవాడికి ఒక మాట, మిగతా అన్నిటికీ ఇంకో మాట. ఆడమనిషైనా, ఆవైనా, చెట్టైనా ‘అది’ అనే అంటాం, అందులో అగౌరవం లేదు. మా పిల్లలు ఇంగ్లీషులో ‘మై మదర్, ఇట్ ఈజ్ కుకింగ్’ అంటారు. మాస్టారు విరగబడి నవ్వేవాడు, “మీ అమ్మ వస్తువట్రా?” అని. ఆ రోజు నుంచి ఆ పిల్ల తరగతిలో నోరు తెరవదు. రెండేళ్లకు ఎవరో వచ్చి, కమ్యూనికేషన్ స్కిల్స్ సున్నా అని రాసుకుని పోతారు.

ఆ నవ్వు రాకుండా ఉండాలంటే ఆ ‘అది’ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిన మనిషి తరగతిలో ఉండాలి. 2000 జనవరిలో ఇచ్చిన మూడో నంబరు జీవో షెడ్యూల్డ్ ఏరియా బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నూరు శాతం చెల్లదని కొట్టేసింది. ఆ తీర్పు మీద ఉద్యోగాల లెక్కలే మాట్లాడారు అందరూ. ఎన్ని పోస్టులు పోతాయి, ఎవరికి పోతాయి. తరగతిలో పిల్ల ‘ఇట్’ అన్నప్పుడు నవ్వని మనిషి పోతాడన్న సంగతి ఎవరూ అడగలేదు. 1943లోనే హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలుపెట్టి, గోండీలోనే వాచకాలు రాయించాడు. ఎనభై ఏళ్ల కిందటి సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో మళ్లీ ఎనిమిది గిరిజన భాషల్లో పుస్తకాలు వేశారు. మంచి పుస్తకాలు. నేను పనిచేసిన ఒక బడిలో కట్ట విప్పకుండా బీరువా మీద ఉన్నాయి, బల్లులు గుడ్లు పెట్టుకున్నాయి.

ఇప్పుడు తెలుగు అభిమానుల సంగతి. ఇంగ్లీషు మీడియం అనగానే తల్లిభాష పోతోందని కన్నీళ్లు పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒక్కటే అడగాలనిపిస్తుంది. ఎవరి తల్లి భాష అయ్యా? రాజ్యాంగంలో 350-ఎ అధికరణ ప్రాథమిక చదువు అమ్మభాషలో అందేట్టు ఏర్పాట్లు చేయమంటుంది. అది మా కోయకు, గోండీకి, కొలామీకి, సవరకు, లంబాడీకి ఎన్నడైనా గుర్తొచ్చిందా? మా పిల్లలు ఒకటో తరగతిలో అడుగుపెట్టిన రోజే అమ్మభాష గడప బయట విడిచి వస్తారు. మాకు తెలుగూ నేర్చుకున్న భాషే. ఇంట్లో పిల్లల్ని కార్పొరేట్ ఇంగ్లీషు బడికి పంపి, మా పిల్లలకు మాత్రం తెలుగు తీపి గురించి చెప్పేవాళ్ల మాట మేం వినం. అట్లాగని బోర్డు మీద ‘ఇంగ్లీష్ మీడియం’ అని రంగు వేసి, లోపల అదే మామిడిపండు అరటిపండు పెట్టేవాళ్ల మాటా వినం.

ఏ ఇంగ్లీషు కావాలి మాకు?

శిక్షణ మూడో రోజు కమ్యూనికేషన్ స్కిల్స్. ఇద్దరిద్దరిని లేపి సంభాషణలు చెప్పించారు. హోటల్లో పిజ్జా ఎట్లా ఆర్డర్ చేయాలి, షాపింగ్ మాల్‌కు దారి ఎట్లా అడగాలి, ఇంటర్వ్యూలో ఎట్లా చిరునవ్వు నవ్వాలి. నన్ను సర్వరు వేషం వేయమన్నారు, ‘హౌ మే ఐ హెల్ప్ యూ, సర్’ అన్నాను. బాగా చెప్పానని చప్పట్లు కొట్టారు. అన్నం ముద్ద మింగుతుంటే అనిపించింది, ఈ మూడు రోజుల్లో మా పిల్లలు అడగాల్సిన ప్రశ్న ఒక్కటీ నేర్పలేదు. అన్నీ అడిగినదానికి జవాబు చెప్పడమే. ఏ రూల్ కింద? కారణం కాగితం మీద రాసివ్వండి. ఈ దరఖాస్తుకు రసీదు ఇవ్వండి. ఈ మూడు వాక్యాలు ఇంగ్లీషులో, తెలుగులో తడబడకుండా అనగలిగిన పిల్ల, పిజ్జా ఆర్డరు చేయగలిగిన వందమంది కన్నా మా గూడేనికి ఎక్కువ పనికొస్తుంది. 2005 సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబు రావాలి. అది కూడా కమ్యూనికేషనే.

మా బతుకు ఏ మాటల మీద ఆధారపడి ఉందో ఒకసారి చూడండి. 1996 పీసా చట్టం, షెడ్యూల్డ్ ఏరియాలో ప్రాజెక్టులకు భూమి తీసుకునే ముందు ‘గ్రామసభను లేదా తగిన స్థాయిలోని పంచాయతీలను’ సంప్రదించాలంటుంది. అందులో రెండు మాటలు ఎనిమిదో తరగతిలో బోర్డు మీద రాశాను. ఒకటి ‘ఆర్’, రెండోది ‘కన్సల్ట్’. అండ్ అని ఉంటే ఏమయ్యేది, ఆర్ అని ఉంటే ఏమవుతుంది అని అడిగాను. పుస్తకంలో ఉన్న రీజనింగ్ లెక్కలకు నోరు విప్పని పిల్ల వెనక బెంచీ నుంచి అన్నది: “ఆర్ అంటే ఇద్దరిలో ఎవరు ఊఁ అంటరో వాళ్లనే అడుగుతరు సార్.” నేను మాట్లాడలేకపోయాను. ఎందుకంటే జరిగింది అదే. 1998లో ఉమ్మడి రాష్ట్రం ఈ చట్టాన్ని తన పంచాయతీరాజ్ చట్టంలో దించుకున్నప్పుడు భూసేకరణకు సంప్రదించాల్సింది మండల పరిషత్‌ను అని రాసుకుంది. గ్రామసభ ఆ ‘ఆర్’కు అవతలి పక్కన ఉండిపోయింది. ఇక కన్సల్ట్ అంటే అడగడం, ఒప్పించడం కాదు. వద్దన్నా సంప్రదించినట్టే లెక్క. పోలవరం ముంపు ఊళ్లలో ఈ తేడా తెలుసుకోవడానికి మనవాళ్లకు డిక్షనరీ అవసరం రాలేదు.

మాట మనవైపు నిలబడ్డప్పుడు ఏమవుతుందో కూడా చెబుతాను. భూబదలాయింపు నిబంధన, మనం వన్ ఆఫ్ సెవెంటీ అంటామే, అందులో ఏజెన్సీ భూమిని ఏ ‘పర్సన్’ అయినా గిరిజనేతరుడికి బదలాయిస్తే చెల్లదని ఉంది. పర్సన్ అంటే ఎవరు? మనిషేనా, ప్రభుత్వం కూడానా? బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమత సంస్థ కోర్టుకు పోయినప్పుడు, 1997 జూలైలో సుప్రీంకోర్టు ప్రభుత్వం కూడా పర్సనే అన్నది. ఆ ఒక్క మాటకు ఆ ఒక్క అర్థం వచ్చినందుకు ఏజెన్సీలో ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వ భూమి లీజుకివ్వడం కుదరకుండా పోయింది. అదే నిబంధనలో ఇంకో ముక్క ఉంది, దాన్ని నేను రీజనింగ్ పాఠంగా చెబుతాను: ఏజెన్సీలో గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న భూమి, అట్లా కాదని రుజువయ్యేదాకా, గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందనే అనుకోవాలి. ఎవరు రుజువు చేయాలి? మనమా, అవతలివాడా? పిల్లలు మొదట మనమే అంటారు. పుట్టిన దగ్గర నుంచీ అన్నీ మనమే రుజువు చేసుకుంటున్నాం కదా! ఆ వాక్యాన్ని మూడు ముక్కలు చేసి, ‘అన్‌టిల్’ ఏ ముక్కను పట్టుకుని ఉందో గీత గీసి చూపిస్తే అప్పుడు ఒక్కొక్కరి ముఖం మారుతుంది. గులాబీలన్నీ పువ్వులే, కొన్ని పువ్వులు వాడిపోతాయి అన్న లెక్కతో ఆ ముఖాలు ఎన్నడూ మారలేదు.

కామా సంగతి కూడా ఇట్లాంటిదే. మన షెడ్యూల్డు తెగల జాబితా తీసి చూడండి, ఇంగ్లీషు ప్రతి. ‘సుగాలీలు, లంబాడీలు, బంజారా’ అని ఒక వరుస. అక్కడ కామా అంటే ఒకరినే మూడు పేర్లతో పిలుస్తారని. ‘గోండ్, నాయక్‌పోడ్, రాజ్‌గోండ్, కోయితూర్’ అని ఇంకో వరుస. అక్కడ గోండులు, నాయక్‌పోడ్‌లు వేరు వేరు జనాలు. ఒకే కామా, రెండు పనులు. దీని మీద పిల్లలు ఒక పీరియడ్ అంతా కొట్లాడుకున్నారు, గంట కొట్టినా లేవలేదు. పక్క రాష్ట్రం మహారాష్ట్రలో జాబితాలో ‘గోండ్ గోవారి’ అని ఉంది, మధ్యన కామా లేదు. ఆ పేరు మా గోవారీలదే అని వాళ్లు ఊరేగింపు చేస్తే 1994లో నాగపూర్‌లో తొక్కిసలాటలో 114 మంది చచ్చిపోయారు. 2020లో సుప్రీంకోర్టు వాళ్ల వాదన ఒప్పుకోలేదు. అక్కడే ‘ధన్‌గడ్’ అని ఉన్నది మేమేనని, ఒక్క అక్షరం తప్పు పడిందని ధన్‌గర్‌లు ఏళ్ల తరబడి అడుగుతుంటే, 2024లో బొంబాయి హైకోర్టు కాదన్నది. ఎవరిది న్యాయం అన్న గొడవలోకి ఇక్కడ పోను. స్పెల్లింగు, పంక్చుయేషన్ ఐదు మార్కుల సంగతి అనేవాళ్లకు మాత్రం ఈ రెండు ఊళ్ల పేర్లు చెబుతాను, నాగపూర్, బొంబాయి.

ఇంగ్లీషు గట్టిగా పట్టిన ఆదివాసీ ఏం చేయగలడో జైపాల్ సింగ్ ముండా చూపించాడు. రాంచీ దగ్గరి ముండా పల్లె నుంచి మిషన్ బడికి, అక్కడి నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు పోయాడు. 1928 ఒలింపిక్స్‌లో హాకీ జట్టుకు కెప్టెన్ అని అందరూ చెబుతారు. నాకు ఆయన ఆట కన్నా మాట ముఖ్యం. 1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో లేచి, ఆదివాసులకు ప్రజాస్వామ్యం మీరు నేర్పనక్కర్లేదని, మీరే వాళ్ల దగ్గర నేర్చుకోవాలని ఆ మహామహుల ముందు ఇంగ్లీషులోనే చెప్పాడు. ‘ఆదివాసీ’ అన్న మాట కోసం అదే సభలో కొట్లాడాడు. ఆ మాట రాజ్యాంగంలో చేరలేదు. కానీ ఎందుకు చేరాలో చెప్పిన తర్కం ఆ సభ రికార్డులో ఉండిపోయింది. ఆయన సర్వరు వేషం వేసినట్టు ఎక్కడా లేదు.

ఒక బడిలో హెడ్‌మాస్టారు నన్ను పిలిచి, “మాస్టారూ, మీ ఇష్టం వచ్చిన కాగితాలు క్లాసులోకి తెస్తున్నారట, ఇది రాజకీయం అవుతుంది, సిలబస్ పూర్తి చేయండి” అన్నారు. సిలబస్ పూర్తి చేశానండీ అన్నాను. నిజంగానే చేశాను. ప్యాసేజ్ చదివి జవాబు రాయడం సిలబస్‌లో ఉంది, ఏ ప్యాసేజ్ అన్నది నేను ఎంచుకున్నాను. లెటర్ రైటింగ్ ఉంది, ఎవరికి రాయాలన్నది పిల్లలు ఎంచుకున్నారు. బోరు చెడిపోయిందని ఒకరు, ఉపాధి హామీ డబ్బులు పడలేదని ఒకరు. స్నేహితుడికి తాజ్‌మహల్ గురించి రాస్తే చదువు, ఆఫీసుకు బోరు గురించి రాస్తే రాజకీయమా? మా పిల్లల చేత ‘హౌ మే ఐ హెల్ప్ యూ, సర్’ అని రోజూ అనిపించడం కన్నా పెద్ద రాజకీయం నాకు తెలియదు.

మనవాళ్లలో చదువుకున్నవాళ్లకు ఒక మాట. మీ ఇండ్లల్లో, వాసాల్లో, ట్రంకు పెట్టెల్లో ఇట్లాంటి ఉత్తరాలున్నాయి. పట్టా కాగితాలు, నోటీసులు, తిరస్కరణలు, జాబ్ కార్డులు, బ్యాంకు వాళ్ల ముద్రలు. వాటిని దగ్గరి బడిలో ఇంగ్లీషు చెప్పేవాళ్లకు ఒక జిరాక్స్ తీసివ్వండి, పేర్లు, నంబర్లు నల్లగా కొట్టేసి ఇవ్వండి. మనం రాసే కవితల పుస్తకాలు ఎన్ని అచ్చు వేసినా, ఇప్పటిదాకా ఈ కాగితాలతో ఒక్క వాచకం వేయలేదు. ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు, ఒక పక్క కోయ. వేయాలి.

మామ ఉత్తరం ఇప్పుడు నా దగ్గరే ఉంది, ప్లాస్టిక్ కవర్లో. అడిగితే, “నాకెందుకు అల్లుడా, నువ్వే పెట్టుకో” అన్నాడు. జూన్‌లో బడి తెరవగానే తొమ్మిదో తరగతికి మొదటి పాఠం అదే. పేరు మాత్రం కప్పి పెడతాను. నిరుడు చదువుతుంటే ఒక పిల్ల చేయి ఎత్తింది.

“సార్, అరవై రోజులంటే ఏ రోజు నుంచి? రాసిన రోజు నుంచా, అందిన రోజు నుంచా?”

ఉత్తరమంతా వెతికాం. ఆ మాట లేదు. నేను అన్నేళ్లుగా ఆ కాగితం చదువుతున్నా ఎన్నడూ అడగని ప్రశ్న అది. పిల్లలు ఉత్తరం పైన వేసిన తేదీ ఒక పక్క రాశారు, కవరు మీద మా ఊరి పోస్టాఫీసు ముద్ర అద్దంలాంటి వెలుతురుకు పట్టి చూసి ఆ తేదీ ఇంకో పక్క రాశారు. తీసివేశారు. మామ చేతికి అందేసరికే అరవైలో 23 రోజులు అయిపోయాయి.